పాత్ అంటే పాత కాదు

మా ఇంటికి కంప్యూటర్ ఆటోలో వచ్చింది, పాత దుప్పటిలో చుట్టుకొని. గోదావరిఖని బస్టాండు దిక్కు ఒక నెట్ సెంటర్ మూసేస్తుంటే అక్కడున్న వాటిలో ఒకదాన్ని మా బిడ్డ మాట్లాడి పెట్టుకుంది. టీవీ బల్లను దానికి ఇచ్చేసి, టీవీని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఆ తర్వాత చాలా రోజులు ఇంటికి ఎవరొచ్చినా నేలమీదే కూర్చున్నారు.

అప్పుడు నేను బాయి మీద ల్యాంప్ రూములో పనిచేసేదాన్ని. మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటారు. లోపలికి దిగే మనిషికి టోపీకి పెట్టుకునే లైటు ఇవ్వాలి, ఎక్కి వచ్చాక తీసుకొని ఛార్జింగుకు పెట్టాలి. మా ఆయన జబ్బు చేసి పోయాక ఆయన బదులు నాకు ఇచ్చిన ఉద్యోగం అది. చేరిన నాటికి నాకు అక్షరం రాదు. లైట్లు తగిలించే కొక్కేల మీది అంకెలు మాత్రం గుర్తుపట్టేదాన్ని. తర్వాత కాలనీ కమ్యూనిటీ హాలులో సాయంత్రాలు నడిచే బడికి పోయి తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మా బిడ్డ చెప్పింది, పెద్దవి వేరు, చిన్నవి వేరు అని. తెలుగులో లేని ఈ బాధ ఇందులో ఎందుకని అడిగితే, అడగకుండా నేర్చుకొమ్మంది.

ఆలస్యంగా నేర్చుకున్న చదువుకు ఒక తీరు ఉంటుంది. మాట మొత్తం ఒక్కసారే కంటికి ఆనదు. ఒక్కొక్క అక్షరం పట్టుకొని, ఒకదానికొకటి కూడుకుంటూ చివరిదాకా పోతే అప్పుడు మాట ఏమిటో తెలుస్తుంది. నాకు ఇప్పటికీ అంతే.

మా బిడ్డ అప్పుడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. రోజూ బస్సులో పోయి వచ్చేది. ఆఖర్న ప్రాజెక్టు అని ఒకటి చేసి చూపించాలి. ఆ రోజుల్లో పిల్లలు దానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. హైదరాబాదు పోయి, తయారుగా దొరికే ప్రాజెక్టు సీడీ తెచ్చుకొని, పైన తమ పేర్లు రాసుకొని ఇచ్చేవాళ్లు. అది దొంగతనమని ఎవరూ అనుకోలేదు. పెళ్లికి లడ్డూలు బయట చెప్పినట్టే అదీ.

మా బిడ్డ కొననంది. మా ల్యాంప్ రూము పనినే ప్రాజెక్టుగా రాస్తానంది. ఎవరు ఏ లైటు తీసుకున్నారు, ఎవరు తిరిగి ఇచ్చారు, షిఫ్టు అయిపోయాక ఏ లైటు రాలేదు, అంటే ఏ మనిషి ఇంకా కిందనే ఉన్నాడు, ఇవన్నీ కంప్యూటర్ చెప్పేటట్టు. మా బిడ్డతో కలిసి చెయ్యాల్సిన ఇద్దరు పిల్లలు మాకు ఈ తిప్పలు వద్దని హైదరాబాదు దారి పట్టారు. కాలేజీ సారు దీన్ని పిలిచి, సోమవారం నాటికి నడిపి చూపిస్తే నీది నీకు, లేకపోతే వాళ్లు తెచ్చినదాని మీదే నీ పేరు కూడా రాయించుకో అన్నాడట. శనివారం సాయంత్రం వచ్చి ఆ మాట చెప్పింది.

నాకు ఆ మాట వేరే తీరుగా వినిపించింది. వేలిముద్ర వేసిన రోజుల్లో నా దరఖాస్తులు ఎవరెవరో రాసేవాళ్లు. కొందరు చదివి వినిపించేవాళ్లు, కొందరు వినిపించేవాళ్లు కాదు. కింద నా వేలు పడితే అది నేను చెప్పినట్టే లెక్క. ఒకరి రాత మీద మన పేరు ఉండడం ఎట్లుంటుందో నాకు తెలుసు. బిడ్డకు అదేమీ చెప్పలేదు. ఆదివారం నాకు ప్లేడే డ్యూటీ ఉంది, సెలవునాడు చేస్తే జీతం ఎక్కువ కలిసొచ్చే డ్యూటీ. దాన్ని వదులుకొని ఇంట్లో ఉన్నాను. నేనుండి చేసేది ఏమీ లేదు. ఊరికే ఉన్నాను.

పొద్దున చర్చి నుంచి వస్తూ పక్క క్వార్టర్ అక్క వాకిట్లో ఆగింది.

"ఏందే చెల్లె, ప్లేడే ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్నవు?"

"బిడ్డ జావా ఎక్కిస్తున్నదక్కా, కంప్యూటర్‌కు."

"జరమొచ్చినోళ్లకు పోస్తరు జావ. దానికేమొచ్చింది?"

"ఆ జావ కాదు పెద్దమ్మా," అని లోపలినుంచి బిడ్డ అరిచింది.

"ఏ జావైతేంది, ఉండలు కట్టకుంట చూసుకో," అని అక్క పోయింది.

నెట్ సెంటర్లో తీయించుకొచ్చిన కాగితం బిడ్డ పక్కన పెట్టుకుంది. దేని తర్వాత ఏది చెయ్యాలో అందులో ఉంది. మొదట సీడీ పెట్టి, తను రాసిన ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన జావాను ఎక్కించింది. అది సులువే, అడిగినప్పుడల్లా సరే సరే అని నొక్కుతూ పోవడం. తర్వాత జావా హోం అని ఒకటి రాసింది. జావా ఇల్లు ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పాలట. ఆ తర్వాత యాంట్ అని ఇంకొకటి.

"యాంట్ అంటే చీమ," అంది. "ప్రోగ్రాం అంటే ఒక్క ముక్క కాదమ్మా, శాన ముక్కలు. ఏది ముందు తయారు గావాలె, ఏది ఎన్క కలపాలె, అంత ఒక్క కాడ రాసిపెడ్తె, ఒక్కసారి పిలిస్తె సాలు, చీమనే అన్ని మోసుకొచ్చి కడ్తది."

"పుట్ట పెడ్తదన్నట్టు."

"ఆ, పుట్టనే."

ఇంతవరకు నాకు బాగానే అర్థమైంది. నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. కాసేపటికి బిడ్డ నొక్కడం ఆపేసింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఏమాయె?"

"పాత్ సెట్ అయితలేదే."

"పాతదైతే పాతదే. తెచ్చుకున్నప్పుడు ఎరుకలేదా? కొత్తది యాడికెళ్లి తెస్తం?"

బిడ్డ నా దిక్కు తిరిగి చూసి, నవ్వాలా వద్దా అన్నట్టు ముఖం పెట్టింది.

"పాత కాదే. పాత్. పాత్ అంటే దారి. నేను జావా అని పిలిస్తె అది ఏ ఇంట్ల ఉన్నదో కంప్యూటర్ ఎతుక్కోవాలె గద. యాడ యాడ ఎతకాల్నో ఒక లైన్ల రాసి ఉంటది. దాన్ని పాత్ అంటరు."

"మరి రాయకపోయినవా?"

"రాసిన. కాని నెట్ సెంటరోడు ఎప్పుడో ఎక్కించిన జావా ఒకటి దీంట్లనే ఉన్నది. అది ముందుగాల ఉన్నది. కొత్తదాన్ని పిలిస్తె పాతది పలుకుతున్నది."

"నేను ముందుగాలనే అన్న గద, పాతదని."

ఈసారి నవ్వింది. నవ్వాక కూడా పాత జావానే పలికింది. కొత్తదానికి రాసిన ప్రోగ్రాం పాతదానికి అర్థం కాదట. మళ్లీ రాసింది, మళ్లీ పిలిచింది, అదే పలికింది. మా వీధిలో ఒకే పేరున్న ఇద్దరు మనుషులుండేవాళ్లు. పోస్టు ఎప్పుడూ ముందు ఇంటాయనకే పోయేది. అట్ల అనుకొని నాకు తోచింది చెప్పాను.

"మా ల్యాంప్ రూముల కొత్త లైటొస్తె, కొక్కానికున్న పాతది తీసి, గదే కొక్కానికి కొత్తది పెడ్తం. రెండు ఒక్కకాడ పెడ్తమా? మనిషి చీకట్ల ఏది ముందు దొరికితె అది పట్టుకపోతడు. పాతదాన్ని తీసెయ్యి, పీడ పోతది."

బిడ్డకు ఆ మాట నచ్చింది. పాత్ రాసి ఉన్న చిన్న డబ్బాను తెర మీద తెరిచింది. వేలెడు పొడుగు డబ్బా అది, అందులో ఒక లైను నీలం రంగు పూసినట్టు కనిపించింది. దాని మీదే కొత్త జావా దారి రాసింది, పక్కనే చీమ దారి రాసింది, సరే అని నొక్కింది. నల్ల తెర మూసి, మళ్లీ తెరిచి, జావాను పిలిచింది. కొత్తది పలికింది.

చాయ్ పెట్టాను. ఇద్దరం తాగాం. నేను చెప్పిందే పనిచేసిందని లోపల కొంచెం సంబరంగానే ఉంది నాకు. మర్నాడు పొద్దున్నే ల్యాంప్ రూములో చెప్పాలనుకున్నాను కూడా.

చాయ్ తాగి బిడ్డ చీమను పిలిచింది. తెర మీద లైన్లు గబగబా పైకి పోయాయి, ఆగాయి. అడుగున రెండు మాటలు, అన్నీ పెద్ద అక్షరాలే. మొదటిది నాకు అందలేదు. రెండోది ఫెయిల్డ్. ఆ మాట కూడుకోవాల్సిన పని లేదు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు కాలనీలో ఏ గోడ దగ్గర నిలబడ్డా వినిపించే మాటే.

"డేటాబేస్ లేదంటున్నది," అంది బిడ్డ. పేర్లూ నంబర్లూ దాచిపెట్టే ప్రోగ్రాం అది, జావా కాకుండా వేరేది. "నిన్న పిలిస్తె పలికిందే. ఇప్పుడు గసుంటిదే ఎరుకలేదంటున్నది."

ఇంకేవో పిలిచి చూసింది. కంప్యూటర్‌లో పుట్టినప్పటినుంచి ఉన్నవి, ఎవరూ ఎక్కించనివి కూడా. అవీ తెలియవంది. కొత్త జావా, చీమ తప్ప దేన్ని పిలిచినా ఎవరో తెలియదంటోంది. బిడ్డ కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

"అంత పోయిందే. ఇన్ని దినాలు ఎక్కించినయన్ని పోయినయ్." పక్కనున్న కాగితం మడిచిపెట్టి అంది, "రేపు సార్‌తోటి చెప్త. వాళ్లు తెచ్చినదాంట్లనే నా పేరు కూడ రాయమంట."

పోయినదాని కంటే ఆ రెండో మాట నాకు కష్టమనిపించింది. అది ఏడుస్తూ అనలేదు. బస్సు పోయిందంటే ఇంకో బస్సుకు పోదాం అన్నట్టు అంది.

"లైటు కొక్కానికి లేకుంటె పోయిందని రాయం," అన్నాను. "ముందు పక్క కొక్కేలు చూస్తం. ఛార్జింగు కాడ చూస్తం. లే, భాయ్ దగ్గరికి పోదాం."

భాయ్ అంటే చౌరస్తాలో జిరాక్స్, టైపింగు షాపు ఆయన. పెళ్లి కార్డులు, యూనియన్ కరపత్రాలు అన్నీ ఆయన దగ్గరే. కంప్యూటర్లు బాగుచేస్తాడు కూడా. ఆదివారం కాబట్టి షట్టర్ సగం దించుకొని లోపల అన్నం తింటున్నాడు. మమ్మల్ని చూసి టిఫిన్ మూత పెట్టబోతే, తిను భాయ్, మేం నిలబడతాం అన్నాను. ఆయన తింటూనే విన్నాడు.

"ఆ డబ్బా తెరిసినప్పుడు లైను నీలం రంగుండెనా, బేటీ?"

"ఉండె."

"దాని మీదనే టైపు గొట్టినవా?"

"ఆ."

"గయా," అని నీళ్లు తాగాడు. "నీలం రంగంటె అంత పట్టుకున్నట్టు. ఒక్క అక్షరం గొడ్తె సాలు, పూరా సాఫ్. ఆ డబ్బా చిన్నగుంటది, లైను పొడుగుంటది. నీకు కనవడ్డది గింత. ఎన్క ఎందరి రాస్తాలున్నయో అండ్లనే. పాత జావాకు దారి మూస్తనని గల్లీ మొత్తం కూలగొట్టినవ్."

బిడ్డ నా దిక్కు చూడలేదు. నేనే చెప్పాను.

"నేనే అన్న భాయ్, పాతది తీసెయ్యమని. ల్యాంప్ రూముల గట్లనే చేస్తం."

"అక్కా, నీది ల్యాంప్ రూం. ఇది బజారు. దీంట్ల అందరు ఒక్క లైన్ల ఉంటరు." ఆయన నవ్వాడు. "ఫికర్ మత్ కరో. ఘర్ కహీఁ నై గయా, రాస్తాచ్ గయా."

ఇల్లు ఎక్కడికీ పోలేదు, దారే పోయింది. ఆ ముక్క నాకు వెంటనే అర్థమైంది. బిడ్డకు అంతకంటే ముందే అర్థమైంది. మెడ నిటారుగా అయింది.

"అంటె డేటాబేస్ ఉన్నట్టేనా, అంకుల్?"

"యాడికి పోతదమ్మా? ఉన్నకాడ్నె ఉన్నది. పిలిస్తె పోయే తొవ్వ లేదు దానికి."

తన కంప్యూటర్ కూడా మాదానివంటిదే అని, అందులో ఉన్న లైనును అచ్చు తీసి ఇచ్చాడు. ఇది ఉన్నదున్నట్టు కొట్టు, నీ డేటాబేస్ దారి, చీమ దారి వెనక కలుపుకో అన్నాడు. "పాతదాన్ని తియ్యకు. నీ కొత్తదాన్ని అందరికన్న ముందుకు తే. కంప్యూటర్ మొదటి తలుపు కొడ్తది. లోపటినుంచి పలికిండ్రంటె ఎన్క ఇంటికి పోదు. పాతది దాని జాగల అది పడి ఉంటది, నీకేం నష్టం?"

ఇంటికొచ్చాక కాగితం నా చేతికిచ్చి బిడ్డ కీబోర్డు ముందు కూర్చుంది. కాగితాన్నీ తెరనూ మార్చి మార్చి చూస్తుంటే లైను తప్పుతోందట. "నువ్వు చదువు, నేను కొడ్త. మాట మాట కాదు, అక్షరం అక్షరం." మాట మాట చదవమంటే నాకు వచ్చేది కాదు. అక్షరం అక్షరం వచ్చు.

మొదలుపెట్టాను. పెద్ద సి. రెండు చుక్కలు, ఒకదాని మీద ఒకటి. ఒరిగిన గీత.

"ఎటు ఒరిగింది?"

"ఎడమకు. తాగినోని లెక్క."

ఆ తర్వాత తాగినోడు అంటే చాలు, ఆ గీత పడేది. చుక్క కింద తోక ఉన్నదాన్ని తోకచుక్క అనుకున్నాం. ఒక ఇంటి దారి అయిపోయి ఇంకో ఇంటి దారి మొదలయ్యేచోట అది ఉంటుంది. ఒకచోట పెద్ద పి, చిన్న ఆర్, ఓ, జి, ఆర్, ఏ, ఎం, పెద్ద ఎఫ్ అని చదువుకుంటూ పోతుంటే బిడ్డ ఆపింది.

"ఎం తర్వాత ఖాళీ ఉన్నదా?"

ఉంది. నేను చదవలేదు. అక్షరం కాదు కదా అది. సాయంత్రం బడిలో కూడా నాతో ఇదే తంటా. మాటకూ మాటకూ నడుమ జాగా ఇడువు అని పంతులమ్మ ఎంత చెప్పినా, పలక మీద అన్నీ కలిపి రాసేదాన్ని. మాట్లాడేటప్పుడు జాగా ఇడుస్తమా, రాసేటప్పుడెందుకు అనేదాన్ని.

"ఖాళీని ఎట్ల చదవాలె?" అని అడిగాను.

బిడ్డ ఆలోచించింది. "సందు అను."

సందు అన్నాను. అక్కడ్నుంచి ఏ సందునూ వదలలేదు. సగంలో ఉండగా ఓపెన్‌కాస్టు గని దిక్కు బ్లాస్టింగు అయింది. కిటికీ రెక్కలు, వంటింట్లో గిన్నెలు ఒక్కసారి గలగలమన్నాయి. బిడ్డ అలవాటుగా ఒక చెయ్యి కంప్యూటర్ మీద వేసి పట్టుకుంది. నా వేలు కాగితం మీద జరిగిపోయి, ఎక్కడున్నానో తెలియలేదు. మళ్లీ తోకచుక్క దాకా వెనక్కి పోయి అక్కడ్నుంచి చదివాను. డేటాబేస్ దారి కాగితంలో లేదు. అదెక్కడ కూర్చుందో బిడ్డే వెతికి రాసుకుంది. సరే నొక్కేముందు కొత్త జావాను అన్నిటికంటే ముందుకు తెచ్చి, మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి నాతో చదివించింది.

చీమను పిలిచింది. లైన్లు పైకి పోయి ఆగాయి. అడుగున మళ్లీ రెండు మాటలు, పెద్ద అక్షరాలు. మొదటి మాట పొద్దున చూసిందే. రెండోది ఫెయిల్డ్ కాదు, ఎఫ్‌తో మొదలవడం లేదు. పెద్ద ఎస్, యు, సి, ఇంకో సి అని నేను కూడుకుంటూ ఉండగానే బిడ్డ లేచి, ముఖం కడుక్కొని వచ్చి, అన్నం పెట్టమంది. పొద్దున్నుంచి తినలేదని అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

సోమవారం నేను మొదటి షిఫ్టు. లైట్లు ఇస్తూ తీసుకుంటూ ఉన్నాను కానీ ధ్యాస అక్కడ లేదు. ఒకాయనకు వేరేవాళ్ల నంబరు లైటు ఇస్తే, "వదినె, నన్ను నేను కాదంటున్నవా?" అని వాపసు ఇచ్చాడు. కంప్యూటర్ సంగతి ల్యాంప్ రూములో ఎవరికీ చెప్పలేదు.

బిడ్డ సాయంత్రం బస్సుకు వచ్చింది. చెప్పులు విడవకముందే అడిగాను.

"ఏమన్నడు సారు?"

"ముందుగాల అయితె, ఏ షాపుల తెచ్చినవన్నడు."

"నువ్వేమన్నవు?"

"ఇంట్ల చేసిన అన్న. నమ్మలే. కాలేజీ కంప్యూటర్ మీద మొత్తం మొదటినుంచి ఎక్కియ్యమన్నడు. అండ్ల కూడ పాత జావా ఉన్నదే అమ్మా."

"తీసెయ్యలే గద?"

"నీలం రంగు పోయేదాక ముట్టుకోలే." చెప్పులు విడిచి వచ్చి కూర్చుంది. "చీమను పిలిస్తె కట్టింది. అప్పుడు సారు ఒక ముక్క తీసేసి, ఇది మళ్ల రాయి అన్నడు. లైటు రాని మనిషిని చూపెట్టే ముక్క. ఆయన ముందల్నే కూసొని రాసిన."

"అయితే?"

"అయితేంది, సరే అన్నడు. నీది నీకు అన్నడు."

కొన్నాళ్లకు ప్రాజెక్టు పుస్తకం భాయ్ దగ్గరే అచ్చయింది. గట్టి అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు. మిగతా ఇద్దరు పిల్లల పుస్తకం మీద రెండు పేర్లు ఉన్నాయట. దీని మీద ఒక్కటే. బిడ్డ తెచ్చి నా ఒళ్లో పెట్టి, పైన ఏమున్నదో చదువు అంది. పక్క క్వార్టర్ అక్క కూడా వచ్చి చూస్తోంది. నేను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాను. మొదట మా ఇంటిపేరు వచ్చింది. అది అయిపోయాక, అలవాటైపోయిన నోరు కదా, సందు అన్నాను. అక్కకు అర్థం కాలేదు. బిడ్డ నవ్వుతూ ఉంది. నేను ఆగకుండా దాని పేరు చదివాను, చివరి అక్షరం దాకా.